రంగూను రేవున తెగిన బంధము

దూరదేశముల వర్తకము జనులను కలుపునని చెప్పుదురు. కలుపుట నిజమే; కష్టకాలమున ఆ కలయిక ఎంతవరకు నిలుచునో రంగూను చరిత్ర చెప్పును.

1869లో సూయజు కాలువ తెరచిన పిమ్మట ఐరావతీ మైదానము ప్రపంచమునకు ధాన్యపు గాదె యయ్యెను. సేద్యము బర్మా రైతుది, అప్పు చెట్టియార్లది, రేవున మోతపని తెలుగువారిది. కోరంగి రేవు పేరిట వారిని అచ్చట "కోరంగీలు" అనిరి.

1929లో న్యూయార్కు వాటాల బజారు కూలెను. మాంద్యము దేశదేశములకు వ్యాపించెను. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు అధిక వేతనము కోరి సమ్మె చేసిరి. యజమానులు బర్మీయులను పనిలోనికి తెచ్చిరి; రాజీ కుదిరినంతనే వారిని పొమ్మనిరి. ఒకే కూలికై ఇరుపక్షముల పేదలు తలపడిరి, రక్తము పారెను. పిదప బియ్యపు ధర క్షీణింపగా, అప్పు తీర్పలేని రైతుల పొలములు చెట్టియార్ల వశమయ్యెను. 13 వరి జిల్లాలలో 1930 నాటికి నూటికి 6 వంతులుగా నున్న వారి భూమి 1937 నాటికి 25 వంతులయ్యెను. 1941లో వలసలను అరికట్టు ఒడంబడిక కుదిరెను.

రేవున పోరాడినవారు గాని, పొలము పోగొట్టుకొన్నవారు గాని ఆ పతనమునకు కారకులు కారు. నష్టము మాత్రము వారిదే. సరకులకై తెరచిన ద్వారము మనుష్యులకు మూసికొనుట అట్లు జరిగెను.