కమీషను బాకీ, ఊడిన ఉద్యోగం

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, కార్మిక శాఖలో గుమాస్తాగా నేను చూచిన ఒక వ్యవహారం గుర్తుకు వచ్చింది.

మా కొత్తవలస కుర్రవాడొకడు ఒక మందుల కంపెనీలో రిప్రజెంటేటివు. రావలసిన కమీషను గట్టిగా అడిగాడని 1986లో తీసివేశారు. ప్యాసింజరు బండెక్కి విశాఖపట్నం వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. "బాబాయ్, నేను కార్మికుణ్ణే కానంటున్నారు. మరి నేనెవర్ని?" అన్నాడు.

ప్రశ్న సబబైనదే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ‘కార్మికుడు’ అన్నచోట చేతిపని, గుమాస్తా పని, సాంకేతిక పని ఉన్నాయి. అమ్మకపు పని లేదు. కంపెనీ గుమాస్తాకు దొరికిన నీడ, ఎండలో ఊరూరా తిరిగేవానికి దొరకలేదు! 1976లో సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం వచ్చి ఆ రక్షణ వీరికీ ఇచ్చింది గాని, కమీషను కాక నెలకు 750 రూపాయలు, లేదా కమీషనుతో కలిపి ఏడాదికి 9,000 రూపాయలు మించరాదన్నది. మావాడి జీతం ఆ హద్దు దాటింది. 1984 ఆగస్టు నుంచి అమ్మకాల కమీషను కూడా వేతనమేనని పెద్ద చట్టంలో చేరింది. కాని గుమ్మం దాటనివానికి లోపలి వడ్డన వల్ల ఏమి లాభం?

మిగిలింది సివిల్ కోర్టు. అక్కడ బాకీ, నష్టపరిహారం అడగవచ్చును. ప్రైవేటు ఉద్యోగం తిరిగి ఇప్పించరు. మావాడు దావా వేసి, రాజీలో కొంత సొమ్ము తీసుకున్నాడు.

చిత్రమేమంటే, ఆ మరుసటి ఏడే, 1987 మే నెలలో జీతం హద్దు ఎత్తివేశారు. జూలైలో మన రాష్ట్ర సవరణ వచ్చి, ప్రభుత్వ రిఫరెన్సు కోసం ఎదురుచూడకుండా తొలగింపుపై నేరుగా లేబరు కోర్టుకు వెళ్ళే వీలు కల్పించింది. దేశమంతటికీ ఆ వీలు 2010లో గాని రాలేదు. మెడికల్ రిప్రజెంటేటివు 1947 చట్టం ప్రకారం కార్మికుడు కాడని, 1976 చట్టం వర్తిస్తేనే రక్షణ అని 1994లో శాండోజ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు పేపరులో చదివి మావాడు మళ్ళీ వచ్చాడు. టీ తాగి వెళ్ళిపోయాడు.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ సేల్స్ ప్రమోషన్ ఉద్యోగులను పేరు పెట్టి కార్మికులలో చేర్చింది. ముందు రాజీ అధికారికి అర్జీ ఇవ్వాలి. 45 రోజులలో తేలకపోతే ట్రిబ్యునలుకు వెళ్ళవచ్చును. గడువు తొలగించిన నాటి నుంచి 2 సంవత్సరములే, మునుపటి మూడు కాదు. మన మనుమలలో సేల్సులో ఉన్నవారు కమీషను లెక్కల కాగితాలు దాచుకోవాలి. ఆర్డరులో ‘ఏరియా మేనేజరు’ అని ఉన్నంత మాత్రాన భయపడనక్కరలేదు. కోర్టు చూచేది హోదా పేరు కాదు, చేసే పని.