కల్హాత్ చేప, పెద్దమ్మ అన్నం

డిసెంబరు సెలవుల్లో పెద్దమ్మని తీసుకుని అందరం సూర్ వెళ్లాం. మస్కట్ నుంచి సముద్రం పక్కనే సుమారు 200 కిలోమీటర్ల దారి. పెద్దమ్మది కోనసీమ. 1994లో ఖద్దామా వీసా మీద మస్కట్ వచ్చి, తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో పనిచేసింది. నా చదువు ఆ డబ్బే. ఈసారి విజిట్ వీసా మీద, చుట్టంగా వచ్చింది.

మధ్యాహ్నం నీళ్ల ఒడ్డున ఉన్న ఒక చేపల హోటల్లో కూర్చున్నాం. ఎండ ఉంది గానీ చలికాలపు ఎండ, హాయిగా ఉంది. ఎదురుగా అవతలి ఒడ్డున అల్ అయ్‌జా ఊరు, తెల్లటి ఇళ్లు, లైట్‌హౌస్.

"ఇదే ఏరు నాన్నా?" అంది మా అమ్మాయి.

ఏరు కాదని చెప్పాను. ఒమన్‌లో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. వాన పడినప్పుడు పొంగే వాగులున్నాయి, వాటిని వాదీ అంటారు. ఇదేమో ఖోర్, సముద్రమే నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ, పోటుకి నిండుతుంది, పాటుకి తగ్గుతుంది.

"ఉప్పుటేరని చెప్పొచ్చు కదరా, అంత కథెందుకు?" అంది పెద్దమ్మ.

నిజమే. మన మాట ఉండగా నేను పాఠం చెప్పాను. ఈ ఉప్పుటేటి ఒడ్డునే సూర్ వాళ్లు తరాలుగా ఓడలు కట్టారు. 1951లో ఇక్కడే కట్టిన 'ఫతహ్ అల్ ఖైర్' అనే ఓడని ఇప్పటికీ ఊళ్లో చూడొచ్చు. ఆ ఓడలకి కావలసిన టేకు మలబారు నుంచి వచ్చేది. ఇక్కడికి కొద్ది దూరంలోని రాస్ అల్ జింజ్‌లో, సుమారు నాలుగు వేల ఏళ్లకి పైబడిన జాలరుల ఊరి తవ్వకాల్లో, సింధు లిపి గీసిన కుండపెంకు దొరికింది. రెల్లు పడవలకి పూసిన తారు ముక్కలూ దొరికాయి. మనవైపు నుంచి ఇటు రాకపోకలు గల్ఫ్ వీసాలతో మొదలైనవి కావు.

కాల్చిన వంజరం వచ్చింది, కింద అన్నం పరిచి. అది చూడగానే నాకు ఇబ్న్ బతూతా గుర్తొచ్చి, ఆ కథ చెప్పడం మొదలుపెట్టాను.

1330 ప్రాంతంలో ఆయన ఎక్కిన ఓడ ఈ సూర్ దగ్గరే ఆగింది. కొండవాలు మీద కల్హాత్ పట్నం కనబడింది. దగ్గరే కదా అనుకుని, ఖిద్ర్ అనే హిందూదేశస్థుణ్ణి తోడు తీసుకుని, దారి చూపడానికి ఒకణ్ణి కూలికి పెట్టుకుని, నడక మొదలుపెట్టాడు. బట్టల మూట ఆ దారి చూపేవాడి దగ్గర ఉంది. కొంత దూరం పోయాక ఇలాంటి ఉప్పుటేరే అడ్డం వచ్చింది. దాటదాం రమ్మన్నాడు వాడు. ఇబ్న్ బతూతాకి అనుమానం వచ్చింది. మూట ఇక్కడ పెట్టి నువ్వు ముందు దాటు అన్నాడు. వాడు వెనక్కి తగ్గాడు. తర్వాత ఎవరో అక్కడ ఈదుకుంటూ దాటడం చూసి, మమ్మల్ని ముంచి మూటతో పోదామనుకున్నాడని అర్థమైంది, అని రాసుకున్నాడాయన. దాహంతో, వాచిన కాళ్లతో కల్హాత్ చేరి, ఆరు రోజులు అక్కడి అధికారి ఇంట్లో లేవలేక ఉండిపోయాడు.

అక్కడ తిన్న చేప గురించి మాత్రం మురిసిపోతూ చెప్పాడు. ఆకుల మీద కాల్చి, అన్నం మీద పెట్టుకుని తింటారట. అంత రుచైన చేప మరే దేశంలోనూ తినలేదట. ఆ బియ్యం హిందూదేశం నుంచి వస్తాయని కూడా చెప్పాడు.

"మన బియ్యమే అయ్యుంటాయిలే" అంది పెద్దమ్మ. కాసేపాగి, "మూట వాడి చేతికి ఇవ్వకూడదు బాబూ. నా పాసుపోర్టు వాళ్ల బీరువాలో ఉండేది" అంది.

నేను తినడం ఆపాను. అమ్మమ్మ పోయినప్పుడు పెద్దమ్మ రాలేదు. డబ్బు మీద ఆశతో కన్నతల్లి ఆఖరి చూపుకి కూడా రాలేదని మా ఇంట్లో ఇరవై ఏళ్లకి పైగా అనుకున్నారు. నేనూ అనుకున్నాను, ఆ డబ్బుతోనే చదువుకుంటూ.

"అడిగావా?"

"అడక్కుండా ఉంటానా? పండగయ్యాక చూద్దామన్నారు. చెడ్డవాళ్లేం కాదు. తిండికి లోటు చెయ్యలేదు."

"మాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్తే మీ అమ్మ ఏడ్చేది. పంపిన డబ్బు ముట్టుకునేది కాదు. నీ ఫీజెవరు కట్టేవాళ్లు?"

కల్హాత్‌కి అప్పట్లో పెద్ద పేరు. ఇక్కడి నుంచి గుర్రాలు హిందూదేశానికి వెళ్లేవని మార్కో పోలో రాశాడు. మోటుపల్లి రేవున్న మన రాజ్యం గురించి, అక్కడి రాణి రుద్రమదేవి పాలన గురించి రాసినదీ ఆయనే. అంతకుముందే, 1244లో, గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనం వేయించాడు. ఓడ గాలివానకి కొట్టుకొచ్చి ఒడ్డున పడితే అందులోని సరుకు మునుపటి రాజులు లాక్కునేవారట. ఇక మీదట న్యాయమైన సుంకం తప్ప ముట్టుకోమని ఓడ వర్తకులకి అభయమిచ్చాడు. పరాయి ఒడ్డుకి చేరినవాడి మూట వాడిదే అని రాతి మీద చెక్కించాల్సి వచ్చిందంటే, అలా జరగని రోజులు ఎన్నున్నాయో.

కల్హాత్‌ని 1508లో పోర్చుగీసు అల్బుకెర్క్ తగలబెట్టాడు. ఇప్పుడు మొండిగోడలు, బీబీ మర్యమ్ సమాధి మిగిలాయి. 2018లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇబ్న్ బతూతా చెప్పినదంతా 1355లో పుస్తకమైంది. అందులో చేప ఉంది, బియ్యం ఉంది, అధికారి మర్యాద ఉంది. ఆ చేప కాల్చిందెవరో లేదు.

పెద్దమ్మ అలవాటుగా లేచి అందరి పళ్లేల్లో ముళ్లు ఏరడం మొదలుపెట్టింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నేను వంజరం నడిముక్క తీసి ఆవిడ అన్నం మీద పెట్టాను.

రాత్రి మస్కట్ చేరాక అమ్మకి ఫోన్ చేశాను. విన్నంతసేపూ మాట్లాడలేదు. చివరికి, "దానికోసారి ఫోనియ్యి" అంది.