మలక్కా వంటింట్లో చైనా పండుగ బిస్కత్తులు



సంక్రాంతికి మనం అరిసెలు, జంతికలు చేసుకున్నట్టే చైనావారు తమ కొత్త సంవత్సరానికి పిండివంటలు చేసుకుంటారు. జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వచ్చే అమావాస్యతో వారి పండుగ మొదలై, పౌర్ణమి దాకా పదిహేను రోజులు సాగుతుంది. దక్షిణ చైనాలో ఈ వంటలు చాలావరకు ఆవిరిమీద ఉడికించేవి, లేదా నూనెలో వేయించేవి. అలాంటప్పుడు మలేషియా, సింగపూర్లలోని చైనావారి ఇళ్ళల్లో డబ్బాలకొద్దీ కాల్చిన బిస్కత్తులు ఎలా వచ్చాయి? దీనికి సమాధానం మలక్కా రేవులో దొరుకుతుంది.

చైనాలోని ఫుజియన్ ప్రాంతం నుంచి వర్తకులు శతాబ్దాల క్రితమే మలక్కా చేరారు. అక్కడి స్త్రీలను పెళ్ళాడి స్థిరపడ్డారు. వారి సంతతిలో పురుషులను బాబాలని, స్త్రీలను న్యోన్యాలని అంటారు. ఆ ఊరిని 1511లో పోర్చుగీసువారు, 1641లో డచ్చివారు పట్టుకున్నారు. 1824 ఒప్పందంతో అది ఆంగ్లేయుల వశమైంది. ఇందరు వచ్చి వెళ్ళిన ఊళ్ళో వంటిల్లు మాత్రం మారకుండా ఎలా ఉంటుంది చెప్పండి?

అనాసపండునే చూడండి. అది దక్షిణ అమెరికా పంట. దాన్ని ఆసియాకు తెచ్చినవారు పోర్చుగీసువారు. ఫుజియన్‌వారి హొక్కియన్ భాషలో అనాసపండు పేరు 'ఓంగ్ లాయ్'. ఆ మాట 'సిరి వస్తోంది' అన్నట్టు కూడా వినిపిస్తుంది. అందుకే వెన్న కలిపిన పిండిలో అనాస పాకం పెట్టి కాల్చిన బిస్కత్తు లేనిదే అక్కడ పండుగ జరగదు.

ఇంకొకటి కువే బంకిట్. దీనికి కావలసింది కర్రపెండలం పిండి. గోదావరి జిల్లాలవారికి, యానాంవారికి ఈ దుంప సంగతి చెప్పనక్కరలేదు. 19వ శతాబ్దంలో మలక్కాలో చైనా వర్తకులు దీన్ని తోటలకు తోటలే వేశారు. అర కిలో పిండిని సన్నని సెగమీద, తేలికపడి పొడిపొడిగా అయ్యేదాకా వేయించి, రాత్రంతా చల్లారనివ్వాలి. మర్నాడు రెండు గుడ్ల పచ్చసొన, 150 గ్రాముల పంచదార పొడి బాగా గిలకొట్టి, చిక్కని కొబ్బరిపాలు కొద్దికొద్దిగా పోస్తూ పిండిలో కలపాలి. ముద్ద మరీ తడిగా ఉంటే బిస్కత్తు గట్టిపడుతుంది. చెక్క అచ్చుల్లో నొక్కి తీసి, ఓవెన్లో 160 డిగ్రీల వేడిమీద పావుగంట నుంచి ఇరవై నిమిషాల దాకా కాల్చాలి. తెల్లని బిస్కత్తుమీద శుభానికి గుర్తుగా ఎర్రచుక్క పెడతారు. నోట్లో వేసుకుంటే ఇట్టే కరిగిపోతుంది.

మరొకటి వింటే మీరు ఆశ్చర్యపోతారు. బియ్యప్పిండి, కొబ్బరిపాలు, గుడ్డు కలిపిన జారుపిండిలో వేడి గుత్తి ముంచి, నూనెలో విదిలించే కువే లోయాంగ్ కూడా వారి కొత్త సంవత్సరపు వంటే. మనం దాన్నే గులాబీ పువ్వులంటాం. తమిళనాట అచ్చు మురుకు అంటారు.

ఇదంతా మీకు చెప్పడానికి ఒక కారణముంది. పొరుగు నేలమీద తరతరాలుగా ఉంటున్నవాళ్ళం మనమూ. మలక్కా బాబాలు పండుగను, పెద్దలకు పెట్టే నైవేద్యాన్ని నిలుపుకున్నారు. ఇంటి భాష మాత్రం చాలామందికి మలయ్ అయింది. అందులో హొక్కియన్ మాటలు కొన్ని మిగిలాయి. మలయ్ భాషలో పిండివంటను సూచించే 'కువే' అన్న మాటే హొక్కియన్ నుంచి వచ్చింది. ఆ బాబా మలయ్ కూడా ఇప్పుడు కొద్దిమంది నోటనే వినిపిస్తోంది.

వంటను పిల్లలు చూసి నేర్చుకుంటారు. భాషను వింటేగాని నేర్చుకోలేరు. బళ్ళారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, బడిలో ఏ భాష చదివినా, ఈసారి పండుగకు పిల్లలను పొయ్యిదగ్గర కూర్చోబెట్టుకోండి. గుత్తి, చట్రం, జల్లెడ, పాకం, సెగ అన్న మాటలు చెబుతూ పని చేయించండి. పిండివంటతోపాటు మన మాటలూ వారికి అందుతాయి.