ఊపిరి చప్పుడు: చెక్క గొట్టం నుంచి మెడ మీది పట్టీ దాకా

రోగి ఛాతీకి చెవి ఆనించి వినే పద్ధతి హిపోక్రటీస్ కాలం నాటిది. 1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో రెనె లయెనెక్ కాగితాల దస్తాను గొట్టంలా చుట్టి వింటే, గుండె చప్పుడు మరింత స్పష్టంగా వినిపించింది. తర్వాత ఆయన చెక్క గొట్టం తయారుచేసి, ఊపిరితిత్తుల చప్పుళ్లను జబ్బులవారీగా వర్గీకరించి 1819లో గ్రంథం ప్రచురించాడు. అయితే స్టెతస్కోపుకు పుట్టుకతోనే ఒక పరిమితి ఉంది. వినే మనిషి పక్కనున్నంతసేపే దాని కాపలా. ఇరవయ్యో శతాబ్దపు మత్తు డాక్టర్లు దాన్ని ఛాతీకి అతికించి, ఆపరేషన్ సాగినంతసేపూ వినడం అలవాటు చేసుకున్నారు. ఎడతెగకుండా వినాలన్న ఆలోచన అక్కడే బలపడింది.

అసలు ప్రమాదం ఆపరేషన్ తర్వాత వార్డులో పొంచి ఉంటుంది. నొప్పికిచ్చే మార్ఫిన్ వంటి మందులు ఊపిరిని మందగింపజేస్తాయి. 1970లలో జపాన్‌కు చెందిన తకువో అయొయాగి పరిశోధనతో రూపుదిద్దుకున్న పల్స్ ఆక్సీమీటరు రక్తంలోని ఆక్సిజన్‌ను చూపుతుంది. కానీ రోగికి విడిగా ఆక్సిజన్ పెట్టి ఉంటే, ఊపిరి తగ్గిపోతున్నా ఆ అంకె చాలాసేపు బాగానే కనబడుతుంది. ఛాతీ కదలికను లెక్కించే యంత్రానికి మరో చిక్కు: గొంతు మూసుకుపోయినా ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, అదీ ఊపిరి లెక్కలోకి వస్తుంది. వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే కాప్నోగ్రాఫు నమ్మదగినదే. కానీ మెలకువగా ఉన్న రోగి ముక్కు దగ్గర గొట్టాన్ని భరించలేక తీసేస్తుంటాడు. చప్పుడు బలం ఇక్కడే తెలుస్తుంది. గొంతులో గాలి ఆడితేనే ఊపిరి చప్పుడు పుడుతుంది. 2010 ప్రాంతంలో అమెరికన్ కంపెనీ మసిమో తెచ్చిన సెన్సర్ ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. మెడకు అంటించిన పట్టీ ఆ కంపనాలను విద్యుత్ సంకేతాలుగా మారిస్తే, యంత్రం నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కగడుతుంది.

మాటలు, దగ్గు, వార్డు రొద దీన్ని తికమకపెట్టవా అన్న సందేహం న్యాయమైనదే. మరీ తేలికపాటి ఊపిరి చప్పుడు అందకపోవచ్చు. ఒక్కో ఊపిరికి ఎంత గాలి వెళ్లిందో ఈ లెక్క చెప్పదు. తప్పుడు అలారాలు మోగితే నర్సులు విసిగి పట్టించుకోవడం మానేస్తారు. అందుకే ఒక్క సెన్సర్‌నే నమ్ముకోకూడదు, ఆక్సీమీటరుతో జతచేసి వాడాలి. కానీ దీన్ని పోల్చవలసింది లోపంలేని యంత్రంతో కాదు, వార్డుల్లో ఇప్పుడు జరుగుతున్నదానితో. కొన్ని గంటలకోసారి, తరచు అంచనాగా రాసే ఊపిరి లెక్క ఆ మధ్యలో ఆగిన ఊపిరిని పట్టుకోలేదు. కాబట్టి మార్ఫిన్ జాతి మందులు తీసుకుంటున్న రోగులకు ఎడతెగని ఊపిరి కాపలా అత్యవసరం. ఆ వసతి లేనిచోట, కనీసం నిండు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టడం ప్రతి ఆసుపత్రీ పాటించవలసిన ధర్మం.