కలివికోడి కూత : పక్షిగణనమున ధ్వనిముద్రణము

వన్యపక్షుల స్థితిగతుల నెరుంగుటకు కన్నే ముఖ్యసాధనమని సామాన్యాభిప్రాయము. కాని పగలెల్ల పొదలలో దాగియుండి రాత్రివేళ మాత్రమే సంచరించు పక్షుల విషయమున కంటికంటె చెవియే ప్రమాణము. ఇందుకు కడపసీమలోని కలివికోడికంటె మంచి నిదర్శనము లేదు. ఆ పక్షి చరిత్రయు, పక్షికూతను యంత్రముచే గ్రహించు విద్య చరిత్రయు చిరకాలము వేరువేరుగ నడచి మన కాలమున ఒకచోట కలిసినవి.

కలివికోడిని శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చినవాడు మదరాసు సైన్యమున వైద్యుడై నెల్లూరున పనిచేసిన టి. సి. జెర్డన్. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రీయనామ మొసగెను. జెర్డన్ దాని తెలుగు పేరునుగూడ వ్రాసికొనెను. అనగా గ్రంథములకెక్కుటకు ముందే మన పల్లెవారు దాని నెరుగుదురు. 1900లో అనంతపురము దగ్గర కనబడిన పిమ్మట ఎనుబదియేండ్లకు పైగా దాని జాడ లేదు. నశించినదనియే పలువురు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా రెడ్డిపల్లె ప్రాంతమున దానిని మరల కనుగొనెను. అప్పుడును ఆ పక్షిని రాత్రివేళ పట్టి తెచ్చినవాడు స్థానికుడగు ఒక వేటకాడే. అటుపై ఆ పొదల అడవి శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైనది.

ఇక యంత్రవిద్య మాట. పక్షిస్వరమును తొలుత నిలిపినది 1889లో జర్మనీదేశమున. ఎనిమిదేండ్ల బాలుడగు లుడ్విగ్ కోఖ్, ఎడిసన్ ఫోనోగ్రాఫుపై మైనపుగొట్టమున పంజరపు పక్షి పాటను ముద్రించెను. ఆ పక్షి మన దేశపు షామాపిట్ట యగుట విశేషము. 1929లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున ఆర్థర్ అలెన్ ప్రభృతులు వన్యపక్షుల కూతలను ముద్రించిరి. అయినను వీనికన్నింటికిని యంత్రముకడ మనుష్యుడు కూర్చుండవలసియే యుండెను. 1950ల చివర ఇల్లినాయి రాష్ట్రమున గ్రేబర్, కాక్రన్ అనువారు రాత్రియెల్ల తనంతట తాను పనిచేయు టేపు రికార్డరు నమర్చి, చీకటిలో వలసపోవు పక్షుల కూతలను లెక్కించిరి. 1959లో వారి పత్రము వెలువడినది. కాపలా లేని యంత్రముతో పక్షులను గణించు పద్ధతికి ఇది ఆదిమ నిదర్శనములలో నొకటి.

నేడు ఆ పని అరచేతిలో ఇముడు పరికరములు చేయుచున్నవి. 2017 ప్రాంతమున ఇంగ్లండున రూపొందిన ‘ఆడియోమాత్’ అట్టిది. దానిని చెట్టునకు కట్టి, ఏ గంటకు మేల్కొనవలెనో ముందే నిర్ణయింపవచ్చును. అది గ్రహించిన ధ్వనిని కంప్యూటరు చిత్రముగా మార్చును. అందు కాలము అడ్డముగను, స్వరపు హెచ్చుతగ్గులు నిలువుగను గోచరించును. ఒక్కొక్క పక్షి కూతకు ఒక్కొక్క ఆకారము. ఆ ఆకారములను పోల్చి పేరు చెప్పు ‘బర్డ్‌నెట్’ వంటి సాధనములు కూడ వచ్చినవి.

కలివికోడికి ఈ పద్ధతి యేల తగును? అది ప్రొద్దుగ్రుంకిన ముప్పాతిక గంటకు, మరల వేకువకు ముందు, కొద్ది నిమిషములు మాత్రమే కూయును. రెండక్షరముల ఆ చిన్నకూత సెకనుకొకటి చొప్పున వినవచ్చును. దాని తొలి ధ్వనిముద్రణమునుగూర్చిన పత్రము 2004లో ప్రకటితమైనది. పిదప పరిశోధకులు ఆ కూతను వినిపించి, వచ్చు ప్రతిస్పందననుబట్టి పక్షుల నివాసములను వెదకిరి. మౌనముగ వినుచుండు యంత్రమైనచో పక్షిని కలవరపెట్టదు, నెలల తరబడి విసుగులేక కాచును.

ఈ సాక్ష్యము ఎంత విలువైనదో 2005లో తెలిసినది. చెన్నపట్టణమునకు కృష్ణాజలములు గొనిపోవుటకై యేర్పడిన తెలుగుగంగ పథకపు కాలువ త్రవ్వకముచే ఈ పక్షి నివాసములో కొంత చెడినది. పక్షి యెచ్చట నున్నదో చూపగలిగినందుననే కాలువ దారిని మార్పుడని కోరుటకు ఆధారము చిక్కినది. జాడ చూపలేని ప్రాణి పక్షమున ఎవరును వాదింపజాలరు.

అయితే యంత్రమునకు హద్దులు కలవు. మూడు కూతలు మూడు పక్షులవి కావచ్చును, ఒక్కదానివే కావచ్చును. గాలివాన, కీచురాళ్ల రొద కూతను మింగివేయును. అన్నిటికంటె ముఖ్యముగ, వినబడకపోవుట లేకపోవుట కాదు. పదేండ్లకు పైగా నిశ్చితమైన జాడ లేక, మరల నశించినదేమో యని శంకింపబడిన కలివికోడి కూత 2025 ఆగస్టున ఆంధ్రప్రదేశమున రాత్రివేళ పక్షిప్రియులకు వినబడి ధ్వనిముద్రితమైనది.

ఆ నీటిని త్రాగుచున్న చెన్నపట్టణపు తెలుగువారికి ఈ పక్షితో సంబంధము లేదనరాదు. యంత్రము కూతను దాచును, కాని ఆ కూత యెవరిదో చెప్పు పేరు మనుష్యుల నోటనే నిలువవలెను. జెర్డన్‌కు పేరు చెప్పినదియు, 1986లో పక్షిని చూపినదియు పల్లెప్రజల తెలుగే. తెలుగునాట నున్నను వెలుపలనున్నను, మన బిడ్డలకు నేర్పు తెలుగులో పిట్టలపేర్లు, చెట్లపేర్లు ఉండునట్లు చూచుట మన విధి.