ఐసీయూలో దాహం

ఇంటెన్సివ్ కేర్‌లో మెలకువగా ఉన్న రోగులను వేధించే బాధల్లో దాహం ముందు వరసలో ఉంటుంది. అమెరికాలో కేథలీన్ పుంటిల్లో బృందం 2010లో వెలువరించిన అధ్యయనంలో, పరిస్థితి విషమంగా ఉన్నవారిని లక్షణాలు అడిగి తెలుసుకున్న సందర్భాల్లో సుమారు 71 శాతం వాటిలో దాహం బయటపడింది.

సెలైన్ ఎక్కుతున్నా నోరు పిడచకట్టుకుపోతుంది. శ్వాసగొట్టం వల్ల నోరు తెరుచుకునే ఉంటుంది, మింగడం కుదరదు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు, మార్ఫిన్ వంటి నొప్పి మందులు దాహాన్ని ఇంకా పెంచుతాయి. గొట్టం స్వరతంత్రుల మధ్య నుంచి వెళ్తుంది కాబట్టి మాట పెగలదు; రోగి పెదవుల వైపు వేలు చూపిస్తాడు. గొట్టం తీశాక కూడా నీళ్లు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయన్న భయంతో కొంతసేపు ఇవ్వరు. తలుపు బయట కొబ్బరినీళ్లతో నిలబడ్డ ఇంటివాళ్లకు ఈ కారణం ఎవరైనా విడమరిచి చెప్పాలి.

  

ఉపశమనానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. చల్లని శుద్ధజలం నోట్లో స్ప్రే చేయడం, తడి స్వాబ్‌తో నాలుక తుడవడం, పెదవులకు మెంథాల్ లేపనం రాయడం: ఈ మూడూ కలిపితే దాహం తగ్గుతుందని పుంటిల్లో బృందమే 2014లో 252 మంది రోగులతో నిరూపించింది. నొప్పిని అడిగినట్టే దాహాన్నీ ప్రతి షిఫ్టులో నర్సులు అడిగి రాసుకోవాలి.