ఒక బావి, రెండు రోగాలు

మన పల్లెల ఆరోగ్యచరిత్ర వ్రాయదలచినవారు మొదట దిగుడుబావి మెట్ల మీద కాసేపు కూర్చోవాలని నేననుకుంటాను. బావి త్రవ్వించినవారి పుణ్యం శాసనాలకెక్కింది గాని, ఆ నీళ్ళు త్రాగినవారి కాళ్ళ సంగతి ఎక్కడా ఎక్కలేదు. కాళ్ళని ప్రత్యేకంగా అనడానికి కారణముంది. నీరు మనకు తెచ్చిపెట్టిన రోగాలలో రెండు మనిషి నడకనే దెబ్బతీశాయి. ఒకటి నారికురుపు, రెండవది ఫ్లోరోసిస్. మొదటిది దేశం నుంచి పూర్తిగా పోయింది. రెండవది దశాబ్దాలపాటు తిష్ఠ వేసుకు కూర్చుంది. ఈ తేడా ఎందుకు వచ్చిందన్నదే నా ప్రశ్న.

నారికురుపు నడిచే దారి విచిత్రమైనది. నీళ్ళలో కంటికి ఆనీ ఆననంత చిన్న జీవి, సైక్లాప్స్, ఉంటుంది. దాని కడుపులో నారిపురుగు పిల్ల చేరుతుంది. ఆ నీళ్ళు త్రాగినవాడికి అప్పటికేమీ తెలియదు. సుమారు ఏడాది గడిచాక కాలిమీద పొక్కు లేచి, చిట్లి, దారంలాంటి పురుగు మెల్లగా బయటపడుతుంది. మంట తాళలేక కాలు నీళ్ళలో పెడితే పురుగు తన పిల్లలను ఆ నీళ్ళలోకే వదులుతుంది. దిగుడుబావిలో కాలు తడవకుండా బిందె ముంచడం కష్టం. అంటే రోగానికి కావలసిన చక్రమంతా ఆ మెట్ల దగ్గరే తిరిగేదన్నమాట.

ఈ రోగానికి మందూ లేదు, టీకా లేదు. అయినా 1983-84లో మొదలైన జాతీయ నిర్మూలన కార్యక్రమం దీనిని సాధించింది. రోగమున్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నీళ్ళను గుడ్డతో వడకట్టుకోమని చెప్పారు, దిగుడుబావులను చేదబావులుగా మార్చారు, చేతిపంపులు వేశారు. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదయింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి విముక్తి ధ్రువపత్రం ఇచ్చింది. పాత చీర ముక్క ఒక రోగాన్ని ఓడించడంలో పాలుపంచుకున్నదంటే అది చిన్న విషయం కాదు.

మన ఊళ్ళలో బోరింగు అని పిలుచుకునే ఆ చేతిపంపుకు ఈ గెలుపులో పెద్ద వాటా ఉంది. మూతపడిన గొట్టంలోంచి వచ్చే నీటిలో సైక్లాప్స్ ఉండదు, కలరా భయమూ తక్కువ. కాని ఆ గొట్టం దిగింది దక్కను గ్రానైటు రాతిలోకి. ఆ రాతిలోని ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంది. వానలు తక్కువగా ఉండి, నీరు రాతితో చిరకాలం ఒరుసుకునే చోట అది నీటిలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్ళమీద మచ్చలు వస్తాయి. ఇంకా ఎక్కువైతే ఏళ్ళ తరబడి త్రాగినవారి కీళ్ళు బిగిసి, ఎముకలు వంగుతాయి. దీనికి రంగు లేదు, వాసన లేదు. గుడ్డకు చిక్కదు. కాచి త్రాగితే పోకపోగా, నీరు ఆవిరైనకొద్దీ చిక్కనవుతుంది.

అలాగని పాపమంతా బోరింగుదే అనలేము. చేతిపంపులు విరివిగా రాకమునుపే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలలో ఈ రోగం ఉందని షార్ట్, మెక్‌రాబర్ట్ ప్రభృతులు వైద్యపత్రికలో ప్రకటించారు. మనుషుల కంటే ముందు కాడెద్దులు నడవలేకపోవడాన్ని రైతులు గమనించారని చెబుతారు. 1955లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ గారి వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు ఫ్లోరోసిస్ ప్రాంతాలలో యువతకు మోకాళ్ళు లోపలికి వంగడాన్ని లాన్సెట్‌లో వర్ణించారు.

ఇక్కడ ఒక తేదీ నన్ను వదలదు. సిద్దిఖీ గారి వ్యాసం వెలువడిన 1955 డిసెంబరులోనే, అదే నల్లగొండ జిల్లా నందికొండ వద్ద, నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. కృష్ణ నీరు పొలాలకు పారింది. కాని మునుగోడు, మర్రిగూడ వంటి పడమటి మెట్టప్రాంతాలకు ఆ కాలువ ఎక్కలేదు. రోగం పేరూ, నదికి ఆనకట్టా ఒకే జిల్లాలో ఉండి, త్రాగేవాడికి మాత్రం రాతినీరే మిగిలింది.

1975 నాటికి నాగపూరులోని నీరి సంస్థ ఒక శుద్ధి పద్ధతిని రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిని తేర్చి వడకట్టడం. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. అది టాంజానియా దాకా వెళ్ళింది. శాస్త్రంగా లోపం లేదు. అయితే ఏ నీటికి ఎంత పటిక అన్నది ఆ నీటి గుణాన్ని బట్టి మారుతుంది, అడుగున మిగిలిన మడ్డిని రోజూ ఎక్కడో పారబోయాలి. ఈ పని ప్రతి ఉదయం చేసే మనిషిని పద్ధతితోపాటు ఎవరూ కనిపెట్టలేదు.

నా ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. నారికురుపు కంటికి కనబడింది, దానిని ఆపే పని ఇల్లాలి చేతికి అందింది. ఫ్లోరైడు కనబడదు, దానిని తప్పించే పని ఇంటివారి శక్తికి మించినది. నదినీటిని శుద్ధిచేసి గొట్టాల ద్వారా పంపడం ప్రభుత్వమే చేయాలి. తెలంగాణలో ఆ ఉద్దేశంతో మిషన్ భగీరథ ప్రారంభమైంది 2016లో. దర్శి నివేదిక నుంచి లెక్కిస్తే 79 ఏళ్ళు. ఈలోగా వంగిన ఎముకలు ఏ కుళాయి నీటితోనూ తిన్నగా కావు.

కుళాయి వచ్చిందని కథ ముగిసిందనుకోకూడదు. గొట్టం పగిలిన రోజున ఊరు మళ్ళీ బోరింగు దగ్గరికే వెళుతుంది. నీటిని పరీక్షించి, ఈ పంపు వంటకూ త్రాగడానికీ పనికిరాదని దానిమీద వ్రాసే మనిషి ప్రతి ఊరికీ కావాలి. మిత్రులకు నాదొక విన్నపం. మీ ఊరి పాత బావుల గురించి, వాటి నీళ్ళు త్రాగినవారి గురించి పెద్దలు చెప్పేది విని వ్రాసి ఉంచండి. వారి కథకు శాసనాలు లేవు.